మరచిపోయిన మాట

కర్ణుడికి పరశురాముడు పెట్టిన శాపం మనందరికీ తెలిసిందే. ఎంతో శ్రమపడి నేర్చుకున్న బ్రహ్మాస్త్ర మంత్రం, తీరా ప్రాణం మీదికి వచ్చిన వేళకు నోటికి రాకుండా పోతుంది. ఆ రోజుల్లో ఈ శాపం ఒక్క కర్ణుడికే తగిలింది. ఈ రోజుల్లో అది ప్రతి గృహస్థుకూ తగిలినట్టే కనిపిస్తున్నది. మామూలు రోజుల్లో వేళ్ళు వాటంతట అవే పాస్‌వర్డు కొట్టేస్తాయి. కరెంటు బిల్లుకు ఆఖరి తేదీ సాయంత్రమో, తత్కాల్ టిక్కెట్టు కోసం ఉదయం పది గంటలకో కూర్చున్నామా, ఇక అంతే. ఆ మాట పెదవి చివరిదాకా వచ్చి వెనక్కి మళ్ళుతుంది.

అరేబియన్ నైట్స్‌లో ఆలీబాబా అన్న కాశిం పడ్డ అవస్థ కూడా ఇదే. గుహలోకి మాట చెప్పి వెళ్ళాడు. బయటికి వచ్చే వేళకు నువ్వుల పేరు మరచిపోయి, తక్కిన ధాన్యాల పేర్లన్నీ పెట్టి పిలిచాడు. తలుపు కదలలేదు. మనం మాత్రం అంతకంటె ఘనంగా ఏం చేస్తున్నాం? మొదటి అక్షరం పెద్దది చేసి చూస్తాం. చివర ఒకటో అంకె తగిలించి చూస్తాం. అది కాకపోతే ఆశ్చర్యార్థకం పెడతాం. ఆ సరికి, ఇన్నిసార్లు తప్పారు గనక కాసేపు ఆగి రండి, అని అవతలినుంచి ఆజ్ఞ అవుతుంది.

ఈ పాస్‌వర్డు అనే వస్తువు పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకునే ఏర్పాటు చేశారు. దానికి ముఖ్యుడు ఫెర్నాండో కోర్బాటో. ఉమ్మడి కుటుంబంలో ఎవరి పెట్టెకు వారు తాళం వేసుకున్నట్టు, ఎవరి కాగితాలు వారివిగా వుండాలని ఒక్కొక్కరికి ఒక్కో రహస్యపు మాట ఇచ్చారు. తాళం పుట్టిన మరుసటి యేడే దొంగతనమూ పుట్టింది. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, అందరి పాస్‌వర్డులూ వున్న జాబితాను ఆ కంప్యూటరు చేతనే అచ్చు వేయించుకున్నాడు. ఆ సంగతి చాలా యేళ్ళ తరువాత తానే చెప్పుకున్నాడు. కోర్బాటో 2019లో పోయాడు. పోయేముందే, 2014లో, ఈ పాస్‌వర్డుల వ్యవహారం ఒక పీడకలగా తయారయిందని ఒప్పుకున్నాడు. కన్నతండ్రే అలా అన్నాక పెంచుకున్న మనం యేం చెప్పగలం?

పెద్ద అక్షరం ఒకటి, అంకె ఒకటి, వింత గుర్తు ఒకటి వుండి తీరాలనే నియమం ఎక్కడిదంటారా? 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ చేసిన సూచనల వల్ల అది బాగా వ్యాపించింది. ఆ సూచనలు రాసిన బిల్ బర్ 2017లో, అందులో చాలా భాగానికి ఇప్పుడు విచారిస్తున్నానని చెప్పాడు. ఆ సంస్థ కూడా అదే యేడు నియమాలు మార్చి, వింత గుర్తులకంటె పొడుగైన మాట మేలని తేల్చింది. కాని మన సైట్లలో చాలావాటికి ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

సరే, మనిషికి గుర్తుండదు. మరి గుర్తుపెట్టుకునే వారెవరు? కంప్యూటరులో మనం లోకమంతా చూసే కిటికీని బ్రౌజరు అంటున్నాం. తెలుగు మీద మమకారం వున్న కొందరు దానికి విహారిణి అని చక్కని పేరు పెట్టారు. పేరు నిలవలేదు గాని నాకిష్టం. మనం ఎక్కడైనా కొత్త మాట కొట్టగానే, ఈ మాట దాచి వుంచనా, అని ఈ విహారిణి మర్యాదగా అడుగుతుంది. మనం తొందరలో అలాగే అంటాం. నాటినుంచి ఆ మాట దాని దగ్గర భద్రం. మాయలఫకీరు ప్రాణం చిలకలో వున్నట్టు, మన మాటలన్నీ దాని కడుపులో వుంటాయి.

ఇక్కడ ఒక చిత్రమున్నది. మనం రోజూ వెళ్ళే సైటుకే మన పాస్‌వర్డు తెలియదు. తెలియకుండా వుండాలి కూడా. పిండిమర తలచుకోండి. గోధుమలు పోస్తే పిండి వస్తుంది. పిండి పోస్తే గోధుమలు రావు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపే సైటు మనం చెప్పిన మాటను మరపట్టి ఆ పిండి మాత్రమే దాచుకుంటుంది. మనం మళ్ళీ వెళ్ళి మాట చెప్పినప్పుడు దాన్నీ మరపట్టి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుంది. అందుకే మరచిపోయామని మొర పెట్టుకుంటే పాత మాట చెప్పదు, కొత్త మాట పెట్టుకోమంటుంది. చెప్పడానికి దాని దగ్గర గోధుమలు లేవు. ఎవరైనా మీ పాత పాస్‌వర్డును ఉన్నదున్నట్టు మీకు తిరిగి పంపితే సంతోషించకండి. గోధుమలు బస్తాలతో వీధరుగు మీద పెట్టుకున్నారని అర్థం.

విహారిణి సంగతి వేరు. అది మన తరఫున వెళ్ళి తలుపు దగ్గర ఆ మాట పలకాలి. పిండి చూపిస్తే తలుపు తీయరు. అంచేత అసలు మాటనే దాచుకోక తప్పదు. దాన్ని ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. ఆ తాళం మన కంప్యూటరు తాళంతోనే ముడిపడి వుంటుంది. దాచినవాటిని తిరిగి చూసుకోవచ్చుననే సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

దారి ఏమంత కష్టం కాదు. క్రోములో కుడివైపు పైమూల మూడు చుక్కలుంటాయి. అవి నొక్కితే పాస్‌వర్డ్స్ అండ్ ఆటోఫిల్ అని వస్తుంది. అందులో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్. ఫైర్‌ఫాక్సులో మూడు గీతలు నొక్కి పాస్‌వర్డ్స్ అన్నచోటికి పోవాలి. ఆపిల్ వారు 2024 నుంచి దీనికి విడిగా పాస్‌వర్డ్స్ అనే యాప్ పెట్టారు. ఎక్కడైనా తంతు ఒకటే. సైట్ల పేర్ల జాబితా వస్తుంది. కావలసినది యెంచుకుంటే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. పక్కన కన్ను బొమ్మ వుంటుంది. దాన్ని నొక్కితే, మీరు మీరేనని రుజువు చేసుకోండి అని కంప్యూటరు తాళం అంకెలో వేలిముద్రో అడుగుతుంది. ఇవ్వగానే చుక్కలు పోయి అక్షరాలు వస్తాయి.

ఇంతవరకు పాఠం. దీనితో నాకు పని పడిన సందర్భం వేరు.

మా చిన్నాన్న బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. కృష్ణ ఒడ్డున వాళ్ళ ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. 1981లో ఊరు ఖాళీ చేయించారు. ఆయన అప్పటికి పెళ్ళయి, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు. ఆ చుట్టుపక్కల సంగమేశ్వరాలయం ఒకటి, యేటా వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు పైకి తేలుతుంది. జనం వెళ్ళి దణ్ణం పెట్టుకు వస్తారు. ఊళ్ళకు ఆ యోగం లేదు. రిటైరయ్యాక చిన్నాన్న తెలుగులో టైపు చేయడం నేర్చుకుని ఆ ఊరి సంగతులు రాయడం మొదలుపెట్టారు. ఏ వీధిలో ఎవరిల్లు, ఏ బావి నీళ్ళు తియ్యన, ఏ చెట్టుకింద పంచాయితీ, అన్నీ. రాసినదాన్ని ఇంటర్నెట్టులో ఒకచోట దాచుకునేవారు. పూర్తయ్యాక అచ్చు వేయించి, చెదిరిపోయిన ఊరివాళ్ళందరికీ పంచాలని ఆయన కోరిక. పూర్తి కాకముందే ఆయనే వెళ్ళిపోయారు.

సంవత్సరీకానికి మూడు నెలలుందనగా చిన్నమ్మ ఫోను చేసింది. "నాయనా, మీ చిన్నాయన రాసింది యెట్లన్నా బయటికి తియ్యాల. ఆ పొద్దుకు పుస్తకం చేతిలో పెట్టాల" అన్నది.

వెళ్ళాను. బెంగుళూరు నుంచి తమ్ముడూ వచ్చాడు. వాడు అప్పటికే రాజమార్గం తొక్కి చూశాడు. సైటులో పాస్‌వర్డు మరచిపోయామని నొక్కితే కొత్తది పెట్టుకునే ఉత్తరం చిన్నాన్న ఈమెయిలుకు వెళ్ళింది. ఈమెయిలు తెరవబోతే ఆయన ఫోనుకు అంకెలు పంపామన్నది. ఆ ఫోను నెంబరుకు నెలల తరబడి రీచార్జి లేక యేనాడో ఆగిపోయింది. తలుపు తాళంచెవి రెండో గదిలో, రెండో గది తాళంచెవి మూడో గదిలో, మూడో గది యేట్లో కలిసింది. సైటువారికి ఉత్తరం రాస్తే జవాబు లేదు.

మిగిలింది ఆయన పాత కంప్యూటరు. రోజూ అందులోనే రాసేవారు గనక విహారిణి దగ్గర ఆ మాట వుండి తీరుతుంది. కాని కంప్యూటరుకే తాళం. తమ్ముడు బజారులో రిపేరు కుర్రవాణ్ణి పిలుచుకు వచ్చాడు. "అయిదు నిమిషాల పని సార్. ఉన్న పాస్‌వర్డు ఎగరగొట్టి వేరేది పెడతా" అన్నాడతను. మంచి పనివాడే, మాట్లాడిన తీరులో తెలుస్తూనే వుంది. అయినా నేను ఆగమన్నాను.

ఎందుకంటే, విండోసులో విహారిణి పెట్టెకు వేసిన తాళం ఆ మనిషి పాస్‌వర్డు ఆధారంగా తయారయినది. మనమే పాత మాట చెప్పి కొత్త మాట పెట్టుకుంటే పెట్టె కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. పాత మాట చెప్పకుండా బలవంతాన మార్చామనుకోండి, గది తలుపు తెరుచుకుంటుంది గాని లోపలి పెట్టె మూత పడిపోయే ప్రమాదముంది. ఫైళ్ళు, ఫొటోలు మామూలుగా కనిపిస్తాయి. దాచిన పాస్‌వర్డులు మాత్రం యెవరికీ చదవరాని గీతలుగా మిగులుతాయి. గూగుల్ ఖాతాతో జతచేసి వుంటే అక్కడ ఒక నకలు వుంటుంది. చిన్నాన్న అలా జతచేశారో లేదో మాకెవరికీ తెలియదు. ఫైర్‌ఫాక్సులోనూ ప్రైమరీ పాస్‌వర్డు పెట్టుకుని మరచిపోతే ఇదే గతి. కొత్తది పెట్టుకోనిస్తుంది, కాని దాచినవన్నీ తుడిచేస్తుంది. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే పాస్‌వర్డు తీసే సాధనాలూ వున్నాయి. వాటిలో చాలావాటి అసలు పని, తీసిన మాటలను తమ యజమానికి చేరవేయడం.

తాళం అంకె యెవరికీ తెలియదు. డైరీ చూశాం. పెళ్ళి తేదీ, పుట్టినరోజు, పాత ఇంటి నెంబరు, ఇవి కొడదామన్నాడు తమ్ముడు. ఎక్కువసార్లు తప్పితే అదీ మొరాయిస్తుంది. వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్న చిన్నమ్మ అక్కడినుంచే అడిగింది, "దేనికి నాయనా అంత ఆలోచన?"

"కంప్యూటరు తెరిచే అంకెలు కావాల చిన్నమ్మా, నాలుగు."

"అంకెలు నాకు తెలీవు. ఆయన యెట్ల పెడతాడో తెలుసు. ముగ్గుకు నాలుగు మూలలా చుక్క పెట్టినట్టు పెడతాడు."

చెయ్యి కడుక్కుని వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, ఆయన కుర్చీ అది. పక్కన నిలబడి, అంకెల పలక మీద చూపుడువేలితో నాలుగు మూలలూ వరసగా నొక్కింది. పదకొండేళ్ళపాటు రోజూ సాయంత్రం పక్కన కూర్చుని కూరగాయలు తరిగిన మనిషి. ఒక్కనాడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తెర తెరుచుకున్నది.

క్రోము తీసి జాబితా చూశాను. నలభైమూడు పేర్లు. తమ్ముడు ముందుకు వంగాడు. "అన్నీ ఒకసారి రాసి పెట్టుకుందామన్నా. బ్యాంకుదీ వుంటుంది గదా, పనికొస్తుంది" అన్నాడు. వాడన్నది ఆశతో కాదు. తల్లికి తిప్పట తప్పించాలని.

బ్యాంకు సంగతి అలా కాదని చెప్పాను. మనిషి పోయాక ఆయన పేరుతో లోపలికి వెళ్ళి డబ్బు కదిలించడం, ఇంట్లోవాళ్ళయినా సరే, తగని పని. తరువాత చిక్కులు కూడా. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని బ్యాంకుకు వెళితే నామినీకి వారే ఇస్తారు. ఆలస్యమవుతుంది గాని అదే దారి.

చిన్నమ్మ ఇంకో మాట అన్నది. "మనకు కావలసింది ఒకటే గదా. అదొక్కటే చూడు నాయనా. మిగతావి ఆయన సంగతులు."

"మనం చూస్తే తప్పేముందమ్మా?" అన్నాడు తమ్ముడు.

"ఆయన బతికుండగా ఆయన జేబులో నేను యేనాడైనా చెయ్యి పెట్టితినా? ఇప్పుడు అడ్డం చెప్పేదానికి ఆయన లేడని పెడతానా?"

తమ్ముడు వెనక్కి జరిగాడు. పైన వెతికే గడిలో ఆ సైటు పేరు కొట్టాను. నలభైరెండు పేర్లు మాయమై ఒకటే నిలిచింది. కన్ను బొమ్మ నొక్కాను. మళ్ళీ తాళం అడిగింది. చిన్నమ్మ మళ్ళీ నాలుగు మూలలా చుక్కలు పెట్టింది.

చుక్కలు పోయి అక్షరాలు వచ్చాయి. ఊరి పేరు. ఇంగ్లీషు అక్షరాలలో, మొదటిది పెద్దది. దాని వెనకాల 1981. ఊరేదో ఇక్కడ చెప్పడం లేదు, పాస్‌వర్డు గనక.

నేను పైకి చదివాను. కాసేపు యెవరమూ మాట్లాడలేదు. చివరికి చిన్నమ్మే అన్నది, "ఆ పేరు ఇప్పుడు బస్సు మీద లేదు, ఉత్తరం మీద లేదు. పిలిచేవాళ్ళు లేరు. ఈయన మాత్రం రోజూ రాస్తా వుండె."

సైటుకు వెళితే ఇరవైఏడు అధ్యాయాలు వరసగా వున్నాయి. ఆఖరిది సగంలో ఆగింది, తేరు వీధి మలుపు దగ్గర. దాన్ని యెవరూ పూర్తి చేయవద్దని, అక్కడే ఆపి అచ్చు వేయమని చిన్నమ్మ చెప్పింది. సంవత్సరీకంనాటికి పుస్తకం వచ్చింది. భోజనాలయ్యాక ఊరివాళ్ళు ఆకుల ముందునుంచి లేవకుండానే చదువుకున్నారు. ఒక ముసలాయన తమ ఇంటి పేరు రెండో వీధిలో రాశారని, అది మూడో వీధి అని పేచీ పెట్టాడు. అంతకంటె మంచి సమీక్ష యే పత్రికలో వస్తుంది?

మా చిన్నాన్న అదృష్టవంతుడు. ఆయన చేతికదలిక చూసి గుర్తుపెట్టుకున్న మనిషి ఇంట్లో వున్నది. అందరికీ అలా జరుగుతుందని నమ్మకం లేదు. అందుకని రెండు మూడు సంగతులు చెప్పి ముగిస్తాను. గూగుల్‌లో 2013 నుంచి ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు వుంది. మూడు నెలలో, ఆరు నెలలో, యేడాదో, యేడాదిన్నరో మన అలికిడి లేకపోతే, మనం ముందే చెప్పిన పదిమంది వరకు ఆప్తులకు కబురు చేసి, మనం ఇమ్మన్నవి ఇస్తుంది. ఇమ్మననివి ఇవ్వదు. ఆపిల్ ఫోన్లలో 2021 చివరనుంచి లెగసీ కాంటాక్ట్ పేరుతో ఇలాంటిదే వుంది. ఇవి పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. రెండేళ్ళు తాకని గూగుల్ ఖాతాలను ఆ కంపెనీ తుడిచివేయవచ్చునని కూడా తెలిసి వుండాలి. ఇక మనిషి పోగానే ఆయన ఫోను నెంబరును వదిలేయకండి. అన్ని గదుల తాళంచెవులూ ఆ నెంబరుకే వస్తాయి. పద్ధతి ప్రకారం వారసుల పేరుకు మార్పించి, పనులన్నీ తెమిలేదాకా నిలుపుకోండి.

అన్నిటికంటె సులువైనది కాగితం. నలభై మాటలూ రాయనక్కరలేదు. కంప్యూటరుది ఒకటి, ఫోనుది ఒకటి రాసి కవరులో పెట్టి, ఇంట్లో నమ్మిన మనిషికి ఇస్తే చాలు. తక్కినవి విహారిణి చూసుకుంటుంది. ఏది చూడాలో యేది చూడకూడదో ఆ నమ్మిన మనిషికి తెలిసి వుంటే మనం ధన్యులం.

ఇదంతా మా శ్రీమతికి వివరంగా చెప్పి, కవరు చేతికిచ్చాను. తీసుకుని, తెరవకుండానే బీరువాలో చీరల మధ్య దోపింది.

"ఎక్కడ పెట్టావో గుర్తుంటుందా?" అన్నాను.

"కంచిపట్టు చీర ఎక్కడుందో నేను యేనాడైనా మరచిపోయానా?" అన్నది.